ఆగస్టు ఆకాశం, గుంటూరు మేడ, ఒక పసుపు గీత

నమస్కారం. ఆగస్టు నెల ఆకాశం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. నాలుగు అంటున్నాను గానీ, నాకిచ్చిన టైమంతా ఒక్క కథే మింగేసేలా ఉంది, అందుకని ఈ నెలలో చూడాల్సినవి ముందే గబగబా చెప్పేసి ఆ కథలోకి వెళ్లిపోతాను.

2026 ఆగస్టు 12, బుధవారం, అమావాస్య. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం ఉంది. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, స్పెయిన్ వాళ్లకు ఉంది, మనకు లేదు. గ్రహణం బాగా ముదిరే వేళకు మన గడియారంలో రాత్రి పదకొండు దాటుతుంది, సూర్యుడే లేనప్పుడు ఇంక గ్రహణం ఎక్కడ? ఇంకోసారి చెబుతున్నాను, మనకు లేదు. వాట్సాప్‌లో ఎన్ని ఫార్వర్డులు వచ్చినా సరే. పట్టు స్నానం, విడుపు స్నానం, కడుపుతో ఉన్న అమ్మాయి గదిలోంచి బయటికి రావొచ్చా కూడదా, ఇలాంటి టెన్షన్ ఏదీ పెట్టుకోనక్కర్లేదు. ఆగస్టు 28న, అంటే రాఖీ పున్నమి రోజు, పాక్షిక చంద్రగ్రహణం కూడా ఉంది. అదీ మనకు లేదు. అది పట్టేసరికి మనకు పొద్దున ఎనిమిది, చంద్రుడు అప్పటికే అస్తమించి ఉంటాడు.

మరి మనకేముంది? అదే 12వ తేదీ అర్ధరాత్రి దాటాక, అంటే గురువారం తెల్లవారుజామున, పెర్సీడ్ ఉల్కలు. స్విఫ్ట్-టటిల్ అని ఒక తోకచుక్క ఉంది, దాదాపు 133 ఏళ్లకోసారి సూర్యుడి చుట్టూ తిరిగి వస్తుంది, చివరిసారి వచ్చింది 1992లో. అది దారి పొడవునా రాల్చుకుంటూ పోయిన దుమ్ములోంచి మన భూమి ఏటా ఈ రోజుల్లోనే దూసుకుపోతుంది. ఆ దుమ్ము కణాలు సెకనుకు 59 కిలోమీటర్ల వేగంతో మన గాలిలోకి వచ్చి భస్మమవుతాయి. గంటకు వంద కనిపిస్తాయని పేపర్లో వేస్తారు, అది కటిక చీకట్లో, ఉల్కలు వెలువడే చోటు సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పటి లెక్క. మనకు ఆ చోటు ఈశాన్యంలో ఉంటుంది కాబట్టి అందులో సగం కూడా ఆశించకండి. ఈసారి మంచి విషయం ఏమిటంటే అమావాస్య, వెన్నెల గొడవ లేదు. చెడ్డ విషయం ఏమిటంటే ఆగస్టు, మబ్బులు. మబ్బు విడిస్తే రాత్రి రెండింటి నుంచి తెల్లారేదాకా డాబా మీద చాప వేసుకుని పడుకుని చూడండి, టెలిస్కోప్ అక్కర్లేదు, ఉన్నా పనికిరాదు.

ఇంకో రెండు ముక్కలు. సాయంత్రం పడమట దగదగ మెరిసేది శుక్రుడు, 15వ తేదీకి సూర్యుడికి బాగా ఎడంగా ఉంటాడు, కాబట్టి పొద్దు గుంకాక కూడా చాలాసేపు కనిపిస్తాడు. రాత్రి పది దాటాక తూర్పున శని. ఈ ఏడాది జ్యేష్ఠం రెండుసార్లు వచ్చింది కదా, అధిక మాసం, అందుకని శ్రావణం 13న గానీ మొదలవ్వదు. సరే, ఆకాశం అయిపోయింది. ఇక గుంటూరు.

ఆగస్టు అనగానే చాలామందికి గుర్తొచ్చేది చంద్రయాన్-3. 2023 ఆగస్టు 23 సాయంత్రం, టీవీ ముందు ఊళ్లకు ఊళ్లు కూర్చున్న రోజు. ఆగస్టు 12 విక్రమ్ సారాభాయ్ పుట్టినరోజు, 1919. ఇస్రో పుట్టింది 1969 ఆగస్టు 15న. వాయేజర్-2 భూమిని వదిలింది 1977 ఆగస్టు 20న. ప్లూటోను గ్రహాల జాబితాలోంచి తీసేసింది 2006 ఆగస్టు 24న, పాపం. ఇవన్నీ తెలిసినవే. కానీ నాకు ఆగస్టు అంటే 18వ తేదీ. 1868 ఆగస్టు 18. ఆ తేదీన గుంటూరులో ఏం జరిగిందో గుంటూరు వాళ్లకే చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు కూడా కొంచెం తేడాగా చెబుతారు. ఆ తేడా దగ్గరికి వస్తాను.

ఆ రోజు పొద్దున తొమ్మిది ప్రాంతంలో సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ ఏడెన్ మీదుగా వచ్చి, బీజాపూరు, గుంటూరు, బందరు దాటి, బంగాళాఖాతం మీదుగా సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, వైపు పోయింది. చాలా పొడవైన గ్రహణం, గుంటూరులోనే ఐదు నిమిషాలకు పైగా చీకటి. అందుకే యూరప్ నుంచి ఖగోళ శాస్త్రవేత్తలు సామాను కట్టుకుని మన తెలుగునాట దిగారు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ బందరులో మకాం పెట్టాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి గారు మరో బృందంతో వనపర్తికి వెళ్లారు. ఈయన గురించి విడిగా ఒక ప్రసంగం చెప్పుకోవాలి, కాంతి మారే నక్షత్రాన్ని టెలిస్కోప్‌తో కనిపెట్టిన మనిషి. గుంటూరులో బ్రిటిష్ వాళ్ల తరఫున మేజర్ టెనంట్ బృందం. ఫ్రెంచి వాళ్ల తరఫున పియర్ జాన్సెన్.

జాన్సెన్‌కి అప్పటికి 44 ఏళ్లు. చిన్నప్పుడు జరిగిన ప్రమాదంలో కాలు దెబ్బతిని జీవితాంతం కుంటుతూనే నడిచాడు, అయినా గ్రహణం ఎక్కడుంటే అక్కడ ప్రత్యక్షం. మొండితనం ఎంతంటే, రెండేళ్ల తర్వాత ప్రష్యా సైన్యం పారిస్‌ను ముట్టడించినప్పుడు, అల్జీరియాలో గ్రహణం ఉందని, శత్రువుల తలల మీదుగా బెలూన్‌లో తప్పించుకుని వెళ్లాడు. తీరా వెళ్తే అక్కడ మబ్బులు! సరే, అది వేరే కథ.

ఇన్ని ఊళ్లుండగా గుంటూరే ఎందుకు? బందరులో సముద్రం మంచు, కొండల దగ్గర మబ్బులు. గుంటూరు అటు సముద్రానికీ ఇటు కొండలకూ మధ్యలో ఉంది. అప్పట్లో పత్తి వ్యాపారం జోరుగా సాగే ఊరు, అక్కడ ఒక ఫ్రెంచి వర్తకుడుండేవాడు, ఆయన తన మేడ పైభాగమంతా జాన్సెన్‌కి వదిలేశాడు. టెలిస్కోపులు మేడెక్కాయి. ఒక టెలిస్కోప్ కొసన స్పెక్ట్రోస్కోప్ బిగించాడు, అంటే వెలుగును సన్నని చీలికలోంచి పంపి పట్టకంతో రంగురంగులుగా విడదీసి చూపే పరికరం.

చంద్రుడు సూర్యుణ్ని పూర్తిగా కప్పేశాడు. నల్లటి బిళ్ల అంచున ఎర్రగా నాలుకలు చాచుకుని మంటలు. అందులో ఒకటి కొమ్ములా లేచింది, దాని ఎత్తు లక్ష కిలోమీటర్లకు పైనే. సౌరజ్వాలలు అంటాం. అవి సూర్యుడివేనని అప్పటికి తేలింది గానీ, ఏమిటవి? గట్టి పదార్థమా, మేఘాలా, వాయువా? జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్ చీలికను ఆ జ్వాల మీదికి తిప్పాడు. ఇంద్రధనుస్సులా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన రంగులు కనిపించలేదు. చీకట్లో విడివిడిగా, మెరుస్తూ కొన్ని గీతలు కనిపించాయి. విడివిడి గీతలంటే వాయువు. ఒక్కో మూలకానికి గీతలు ఒక్కో చోట పడతాయి కాబట్టి, ఆ గీతలు ఉన్న చోటును బట్టి అది ముఖ్యంగా హైడ్రోజన్.

ఇక్కడిదాకా ఆ రోజు చాలామంది చూశారు, బందరులోనూ చూశారు. జాన్సెన్ ప్రత్యేకత తర్వాతి ఆలోచనలో ఉంది. ఈ గీతలు ఇంత కాంతిగా ఉన్నాయి కదా, మరి గ్రహణం లేకపోయినా ఎందుకు కనబడకూడదు అనుకున్నాడు. ఎండలో జ్వాలలు కనబడకపోవడానికి కారణం సూర్యుడి మామూలు వెలుగు, అది వాటిని ముంచేస్తుంది. కానీ ఆ మామూలు వెలుగులో అన్ని రంగులూ ఉన్నాయి, పట్టకంతో ఎంత సాగదీస్తే అంత పలచబడుతుంది. జ్వాల వెలుగు మాత్రం రెండు మూడు గీతల్లోనే గుమిగూడి ఉంది, అది పలచబడదు. మజ్జిగలో నీళ్లు పోసేకొద్దీ మజ్జిగ పలచబడుతుంది గానీ అందులో కరివేపాకు రెబ్బ పలచబడదు కదా, అదీ సంగతి. మర్నాడు, ఆగస్టు 19న, గ్రహణం లేదు ఏమీ లేదు, మామూలు ఎండలో సూర్యుడి అంచుకు గురిపెట్టాడు. గీతలు కనిపించాయి! చీలికను అటూ ఇటూ జరుపుతూ జ్వాలల ఆకారాలు కూడా గీసుకోగలిగాడు. రెండు వారాలకు పైగా రోజూ అదే పని. గ్రహణం కోసం సముద్రాలు దాటి వచ్చినవాడు, గ్రహణం అక్కర్లేదని గుంటూరులో కనిపెట్టాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైనది ఈ మర్నాడే. 18వ తేదీ కాదు, 19.

తర్వాత కాకినాడ చేరి, అక్కణ్నించి సెప్టెంబరు 19న పారిస్‌కి ఉత్తరం రాశాడు. ఉత్తరం ఓడెక్కి పోయేలోపు ఇంగ్లండులో నార్మన్ లాకయర్ అనే ఆయన, వార్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూ సరదాకి ఆకాశం చూసే మనిషి, అక్టోబరు 20న తనకు తానుగా అదే పద్ధతిలో అవే జ్వాలలు చూశాడు. ఇద్దరి కబురూ ఫ్రెంచి సైన్స్ అకాడమీకి ఒకే రోజు, అక్టోబరు 26న, నిమిషాల తేడాతో అందింది. ఎవరు ముందు ఎవరు వెనక అని కొట్టుకోకుండా ఫ్రాన్సు వాళ్లు 1872లో ఇద్దరి బొమ్మలూ వేసి ఒకే పతకం చేయించారు. ఇప్పటి రోజుల్లో అయితే కోర్టుకెళ్లేవారు.

ఇంతకీ ఆ పసుపు గీత. ఆ గీతల్లో పసుపు రంగుది ఒకటుంది. చూసినవాళ్లు చాలామంది అది సోడియం అనుకున్నారు. అనుకోవడంలో తప్పేం లేదు. మీ వంటింట్లోనే చూడొచ్చు, ఉప్పు వేసిన చారు పొంగి గ్యాస్ స్టవ్ మీద పడినప్పుడు నీలం మంట కాస్తా పసుపుగా భగ్గుమంటుంది చూడండి, అది సోడియం. ఉప్పులో ఉన్న సోడియం. దాని గీతలు రెండు, వెలుగు తరంగం పొడవు లెక్కలో 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర. సూర్యుడి అంచున కనిపించినది 587.6 దగ్గర. అంత దగ్గర, కానీ అదీ ఇదీ ఒకటి కాదు. లాకయర్ దాన్ని జాగ్రత్తగా కొలిచి, భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ ఇది సరిపోవడం లేదని పట్టుకుని, సూర్యుడిలో కొత్త మూలకం ఉందన్నాడు. అదే హీలియం. చాలామంది నమ్మలేదు. 27 ఏళ్లు గడిచాక, 1895లో, విలియం రామ్‌సే ఒక యురేనియం ఖనిజంలోంచి వచ్చిన వాయువులో అదే పసుపు గీతను చూశాడు. అప్పుడు అందరూ ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఆ తేడా సంగతి. హీలియంను జాన్సెన్ గుంటూరులో కనిపెట్టాడు అని మనవాళ్లు గర్వంగా చెబుతారు, క్విజ్‌లలో కూడా అడుగుతారు. ఊరి మీద అభిమానం నాకూ ఉంది, కానీ కొంచెం పెంచి చెబుతున్నామేమో అనిపిస్తుంది. జాన్సెన్ కొత్త మూలకం అనలేదు. ఆ మాటన్నది లాకయర్. గుంటూరులో నిజంగా పుట్టింది పద్ధతి, మామూలు రోజున సూర్యుడి అంచును చదివే పద్ధతి. నన్నడిగితే అది హీలియం కంటే తక్కువదేం కాదు, ఆ పద్ధతి లేకపోతే లాకయర్ లాంటి వాళ్లంతా మళ్లీ గ్రహణం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ హీలియమే ఇవాళ మన రాకెట్ల ఇంధన ట్యాంకుల్లో ఒత్తిడి నిలబెడుతోంది, ఆస్పత్రిలో ఎంఆర్ఐ యంత్రంలో అయస్కాంతాన్ని చల్లబరుస్తోంది.

టైము అయిపోవస్తోంది, ఒక్క పని చెప్పి ముగిస్తాను. ఇంట్లో మూలన పడున్న పాత సీడీ ఒకటి వెతకండి, పెళ్లి వీడియోదైనా పర్వాలేదు, గీతలు పడిందైతే ఇంకా మంచిది, ఇంట్లో ఎవరూ అరవరు. రాత్రి మిగతా లైట్లన్నీ ఆపేసి, ఒక్క ట్యూబ్‌లైట్ వేసి, గదిలో వీలైనంత దూరం జరిగి, సీడీని చేతిలో ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పుతూ అందులో ఆ లైటు ప్రతిబింబం పక్కన రంగులు చూడండి. పాతకాలం ట్యూబ్‌లైట్ గానీ సీఎఫ్ఎల్ గానీ అయితే ఆకుపచ్చ, ఊదా రంగులు పట్టీల్లా విడిగా నిలబడతాయి, అది లోపలి పాదరసం వాయువు. ఎల్ఈడీ బల్బు అయితే రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. రెండూ పక్కపక్కన చూస్తే గుంటూరు మేడ మీద జాన్సెన్‌కి ఏం తేడా కనిపించిందో ఐదు నిమిషాల్లో పిల్లలకు అర్థమవుతుంది. మీ వీధిలో ఇంకా పాత సోడియం దీపం మిగిలి ఉంటే దాన్నీ చూడండి, పసుపు ఎక్కడుందో వెతకండి.

కానీ ఒకటి. ఆ సీడీతో సూర్యుణ్ని చూడొద్దు. అద్దంలా తిప్పి చూడొద్దు, కంటికి అడ్డం పెట్టుకునీ చూడొద్దు. ఎక్స్‌రే ఫిల్ము, నల్ల కళ్లద్దాలు, పసుపు నీళ్ల పళ్లెం, ఏదీ వద్దు. 2027 ఆగస్టు 2న మన దేశంలో చాలాచోట్ల సాయంత్రం పాక్షిక సూర్యగ్రహణం కనిపిస్తుంది. దానికి ఐఎస్ఓ 12312-2 అని రాసున్న గ్రహణం కళ్లద్దాలు ముందే కొనిపెట్టుకోండి, ఆఖరి వారంలో దొరకవు, దొరికినా నకిలీవి అంటగడతారు. ఏడాది టైముంది.

వచ్చే నెల శని గురించి. నమస్కారం.