గుడ్లు ఇసుకలో, క్యాలెండర్ గోడ మీద

అన్నయ్య: నమస్తే. మాటిచ్చినట్టే ఈ వారం చిత్తడి నేలల్లో, నదుల వెంట బతికే అరుదైన జీవులకు రక్షణ ప్లాన్ ఎలా వేయాలో చూద్దాం. చిత్తడి నేలల రక్షణకు 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన ఒప్పందంతో మొదలుపెట్టి...

చెల్లి: అది తర్వాత అన్నయ్యా. ముందు చంబల్ నది. నిన్నటి నుంచి నాకు అదే ధ్యాస.

అన్నయ్య: అక్కడి స్కిమ్మర్ పక్షులేగా?

చెల్లి: అవే! ఆ పక్షికి కింది ముక్కు పైదానికంటే పొడుగు. దాంతో నీటిని కోసుకుంటూ ఎగురుతుంది. గూడంటూ కట్టదు. ఇసుక మేట మీద చిన్న గుంట, అందులో మచ్చల గుడ్లు. పక్కనే నిలబడ్డా కనపడవు. ఇసుక కాలిపోతుంటే పొట్ట నీళ్లలో తడుపుకొచ్చి మరీ వాటి మీద కూర్చుంటుంది.

అన్నయ్య: అబ్బ! సరే, చంబల్‌ను అభయారణ్యమని 1979కల్లా ప్రకటించారు. హద్దులున్నాయి కదా?

చెల్లి: హద్దు సంగతి కుక్కకు తెలుస్తుందా? నీళ్లు తగ్గి పాయ ఇంకిపోతే మేట ఒడ్డుకు కలిసిపోతుంది. కుక్కలు, పశువులు నడిచొచ్చేస్తాయి. ఆ పాయే కాపలా.

అన్నయ్య: అలాగని పైనుంచి నీళ్లు వదిలితే...

చెల్లి: ఒక్కసారిగా వదిలితే గుడ్లు కొట్టుకుపోతాయి. మ్యాప్ ఒక్కటే చాలదని అందుకే మొత్తుకుంటున్నా. నీళ్ల క్యాలెండర్ ఉండాలి. మార్చి నుంచి జూన్ దాకా ఏ వారం నదిలో ఎంత నీరుండాలో రాసుకోవాలి.

అన్నయ్య: వచ్చిందమ్మా క్యాలెండర్! పొలానికి నీళ్లు అడిగేవాళ్లుంటారు. వాళ్లను కాదని రాస్తే ఎవరు ఒప్పుకుంటారు?

చెల్లి: కాదనమని నేనన్నానా? వాళ్లను కూర్చోబెట్టుకునే రాయాలి. ఆ గుడ్లకు కాపలా కాసేది ఆ ఊళ్లవాళ్లే. ఘరియల్, అదే సన్నటి పొడుగు మూతి మొసలి, కూడా ఆ ఇసుకలోనే గుడ్లు పెడుతుంది. ఇసుక తవ్వుకుపోతే రెండిటికీ చోటుండదు. 2007 చివర్లో, 2008 మొదట్లో అక్కడ వందకు పైగా ఘరియల్స్ చచ్చిపోయాయి. ఆ ఫొటోలు నేనిప్పటికీ పూర్తిగా చూడలేను.

అన్నయ్య: ...నీళ్లు తాగు. రామ్‌సర్ గురించి ఒక్క మాట. జాబితాలో చేర్చిన నేల సహజగుణం చెడిపోకుండా చూస్తామని ఆ దేశం మాటిచ్చినట్టు. సర్వేలు, నిధులు వచ్చే వారం.

చెల్లి: ఏ నెలలో సర్వే? అది కూడా క్యాలెండర్లోనే...

అన్నయ్య: ఉండుండు, వాన మొదలైంది. ఆ కిటికీ వేసి రా.