చమన్ కుర్రాడు ఈసా: 11 గోల్స్ వెనక లెక్క

[తెర మీద: 12 జూన్ 2005, క్వెట్టా]

పాకిస్తాన్‌లోని క్వెట్టా. అయూబ్ స్టేడియంలో ఇండియా, పాకిస్తాన్ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. సెకండాఫ్‌లో ఇండియా తరఫున మొదటి మ్యాచ్ ఆడుతున్న ఒక బక్కపల్చటి కుర్రాడు గోల్ కొట్టాడు. కొట్టిన సంబరంలో ఎటు పరిగెడుతున్నాడో కూడా చూసుకోకుండా నేరుగా పాకిస్తాన్ అభిమానులు కూర్చున్న వైపే వెళ్ళి గంతులేశాడు. ఆ సంగతి తర్వాత తనే నవ్వుతూ చెప్పుకున్నాడు.

ఆ కుర్రాడు సునీల్ ఛెత్రి. మన సికింద్రాబాద్‌లోనే పుట్టాడు. నాన్న సైన్యంలో పనిచేసేవారు.

అయితే ఈ వీడియో ఛెత్రి గురించి కాదు. అదే మ్యాచ్‌లో, ఇంకో పది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా గోల్ కొట్టి స్కోరు 1-1 చేసిన మనిషి గురించి. పేరు ముహమ్మద్ ఈసా. బలూచిస్తాన్ వాడు, అంటే సొంత జనం ముందు కొట్టిన గోల్ అది.

[మ్యాప్: క్వెట్టా నుంచి చమన్]

ఈసాది చమన్. క్వెట్టా నుంచి రోడ్డు మీద సుమారు 120 కిలోమీటర్లు. మధ్యలో ఖోజక్ కనుమ. బ్రిటిష్ వాళ్ళు అక్కడ కొండను తొలిచి దాదాపు నాలుగు కిలోమీటర్ల రైలు సొరంగం కట్టారు. పాత పాకిస్తానీ ఐదు రూపాయల నోటు మీద ఉండే బొమ్మ అదే. కొండ దాటితే చమన్, చమన్ దాటితే అఫ్ఘానిస్తాన్. పేరుకు పర్షియన్‌లో పచ్చికబయలు, తోట అని అర్థం. చూడబోతే మాత్రం లారీలు, దుమ్ము, కస్టమ్స్ గేటు.

పాకిస్తాన్ అనగానే మనకు క్రికెట్ గుర్తొస్తుంది. కానీ బలూచిస్తాన్‌లో, కరాచీ ల్యారీ పేటలో కుర్రాళ్ళు ముందు తన్నేది ఫుట్‌బాలే. చమన్ లాంటి సరిహద్దు ఊరి నుంచి అఫ్ఘాన్, ముస్లిం అని రెండు క్లబ్బులు పాకిస్తాన్ ప్రీమియర్ లీగ్ దాకా వెళ్ళాయంటే ఆ ఊరి పిచ్చి ఏ స్థాయిదో అర్థం చేసుకోండి.

ఈసా ఆడింది ముందు వరుసలో. అవసరమైతే కాస్త వెనక్కి దిగి ఆట నడిపించేవాడు కూడా. 2000ల మొదట్లో జాతీయ జట్టులోకి వచ్చి తర్వాత కెప్టెన్ అయ్యాడు. రికార్డుల్లో అతని పేరున ఉన్న గోల్స్ 11.

పదకొండేనా అనిపిస్తుంది కదా? ఆ 11 గోల్సే అతణ్ణి పాకిస్తాన్ చరిత్రలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళ పట్టికలో పైన నిలబెట్టాయి. ఇక ఛెత్రి? 2024 జూన్‌లో మొదటిసారి రిటైర్మెంట్ తీసుకునేనాటికి 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు. ఒకే మ్యాచ్‌లో చెరో గోల్ కొట్టారు. మరి ఇంత తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఛెత్రి గొప్ప ఆటగాడు, అందులో వాదన లేదు. ఈసా అతనంతటి వాడని కూడా నేను అనను. కానీ ముందు ఆడటానికి మ్యాచ్‌లు ఉండాలి కదా.

[తెర మీద క్యాలెండర్]

లెక్క చూడండి. ప్రపంచకప్ క్వాలిఫయర్స్‌కి 2003లో కిర్గిజ్‌స్తాన్‌తో రెండు మ్యాచ్‌లు. రెండూ ఓటమే, ఇంటికి. మళ్ళీ పిలుపు వచ్చింది 2007లో. అవతల ఇరాక్. ఆ ఏడాదే ఆసియా కప్ గెలిచిన జట్టు. లాహోర్‌లో 0-7. ఆరు రోజుల తర్వాత డమాస్కస్‌లో అదే ఇరాక్‌తో 0-0! ఏడు గోల్స్ ఇచ్చిన జట్టు ఆరు రోజుల్లో ఒక్కటీ ఇవ్వకుండా ఎలా ఆపిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఏదైతేనేం, ఇంకో నాలుగేళ్ళ కథ అక్కడితో సరి. మిగిలింది రెండేళ్ళకో మూడేళ్ళకో వచ్చే దక్షిణాసియా టోర్నీ, ఏవో కొన్ని ఆసియా టోర్నీల మ్యాచ్‌లు, అప్పుడో ఇప్పుడో ఒక ఫ్రెండ్లీ. స్ట్రైకర్‌కి గోల్ అలవాటు కావాలంటే వరసగా మ్యాచ్‌లు పడాలి. ఆరు నెలలకోసారి బూట్లు కడితే ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ 2005 సిరీసే చూడండి. వారంలో మూడు మ్యాచ్‌లు. క్వెట్టాలో 1-1, పెషావర్‌లో ఇండియా 1-0, లాహోర్‌లో పాకిస్తాన్ 3-0. లాహోర్‌లో పడ్డ ఆ మూడు గోల్స్‌లో ఒకటి ఈసాది. వరసగా ఆడనిస్తే ఏం చేయగలడో ఆ వారం చూపించాడు.

ఇక పొట్టకూటి సంగతి. అక్కడి ఫుట్‌బాల్ నడిచింది చాలావరకు డిపార్ట్‌మెంట్ల మీద. వాప్డా అంటే నీళ్ళు, కరెంటు సంస్థ. ఆర్మీ, బ్యాంకులు, టెలిఫోన్ కంపెనీ. మన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ గుర్తుందా? అదే పద్ధతి: ఉద్యోగం పేరున జీతం, పని మాత్రం బంతాట. అన్నిటికంటే విచిత్రం కెఆర్‌ఎల్. అణు కార్యక్రమానికి పేరుపడ్డ ఖాన్ పరిశోధనశాలల టీమ్ అది. లీగ్ అయిదుసార్లు గెలిచింది. ఈసా కరాచీ కరెంటు కంపెనీ టీమ్‌కి కూడా ఆడాడు.

ఈ పద్ధతిలో ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కానీ టికెట్ కొని వచ్చే జనం ఉండరు, ఆటగాణ్ణి కొనే బజారు ఉండదు. పైవాడు బడ్జెట్ కోసేస్తే టీమే ఉండదు.

ఈసా 2009 తర్వాత జాతీయ జట్టుకు ఆడలేదు. అప్పటికి ముప్పై కూడా నిండలేదు. ఆ తర్వాత జరిగింది చూస్తే, ఉన్నంతలో అతని కాలమే నయమనిపిస్తుంది. 2015 మార్చిలో యెమెన్‌తో ఆడిన జట్టు మళ్ళీ మైదానంలో దిగింది 2018 సెప్టెంబరులో. ఆ మధ్య లీగ్ కూడా లేదు. ఫెడరేషన్‌లో కుర్చీ తగాదాలు, కోర్టు కేసులు, వాటి మీద ఫిఫా సస్పెన్షన్లు: 2017లో ఒకటి, 2021లో ఇంకొకటి, 2025లో మరొకటి.

ఈ దెబ్బ తిన్నవాళ్ళలో చమన్ కుర్రాడే ఇంకొకడున్నాడు. పేరు కలీముల్లా. 2012-13 సీజన్లో కెఆర్‌ఎల్‌కి 35 గోల్స్ కొట్టాడు. ఇక్కడ లాభం లేదనుకుని కిర్గిజ్‌స్తాన్ వెళ్ళి 2014లో అక్కడి లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు, తర్వాత అమెరికాలో ఆడాడు. ఈసాకి దొరకని దారి అతనికి దొరికింది. కానీ సరిగ్గా ఆ వయసులోనే సొంత దేశానికి జట్టు లేకుండా పోయింది.

[తెర మీద: ఇస్లామాబాద్, 17 అక్టోబర్ 2023]

చివరికి ప్రపంచకప్ క్వాలిఫయర్‌లో పాకిస్తాన్ మొట్టమొదటి గెలుపు ఈ రోజున వచ్చింది. కంబోడియా మీద 1-0. స్టేడియం హోరెత్తిపోయింది. గోల్ కొట్టింది హారున్ హమీద్. ఆట నేర్చుకున్నది చమన్‌లో కాదు, ల్యారీలో కాదు, లండన్‌లోని ఒక క్లబ్ అకాడమీలో.