చిన్న అల్మారాలో బట్టలన్నీ పట్టాలంటే ఏది కొనాలి, ఏది వద్దు? | ఆరు ఆర్గనైజర్ల రివ్యూ

ఆర్గనైజర్లు కొనే ముందు చేతిలోకి కొలత టేపు తీసుకోండి. ఎందుకో తలుపు తెరిచి చూపిస్తాను.

ఇదిగో, చొక్కాల కింద ఈ ఖాళీ చూడండి. రాడ్ అల్మారా అడుగు నుంచి 66 అంగుళాల ఎత్తులో ఉంది. హ్యాంగర్‌తో కలిపి చొక్కా దాదాపు 38 అంగుళాలు దిగుతుంది. అంటే ఇంకా 28 అంగుళాలు మిగులుతోంది. బ్యాగులు, చెప్పులు, ఉతకాల్సిన బట్టలు అన్నీ కుప్పపడేది ఇక్కడే. చిన్న అల్మారాలో అసలు స్థలం కూడా ఇక్కడే దొరుకుతుంది. అందుకే రివ్యూ రాడ్లతోనే మొదలుపెడదాం.

మొదటిది, ఉన్న రాడ్‌కే తగిలించే వేలాడే రాడ్. స్క్రూలు అక్కర్లేదు, డ్రిల్లింగ్ అక్కర్లేదు. కానీ లెక్క చూడండి. 66 అంగుళాల దగ్గరున్న రాడ్‌కి దీన్ని తగిలిస్తే కింది రాడ్ 28 దగ్గరకి వస్తుంది. సగానికి మడిచి వేసిన ప్యాంటు హ్యాంగర్‌తో కలిపి 28 నుంచి 30 అంగుళాలు దిగుతుంది. అంచులు అల్మారా అడుగుకి రాసుకుంటాయి. పిల్లల బట్టలకైతే చక్కగా సరిపోతుంది. పెద్దవాళ్ల బట్టలకి మాత్రం పై రాడ్ కనీసం 70 దగ్గర ఉంటేనే దీన్ని తీసుకోండి. ఇంకో సంగతి, రెండు వరసల బరువూ పై రాడ్ మీదే పడుతుంది. ఒక్కో జీన్స్ ప్యాంటే అరకిలో పైన ఉంటుంది. రాడ్ నాలుగడుగులు దాటితే మధ్యలో ఒక బ్రాకెట్ తప్పనిసరి. లేకపోతే ముందు వంగుతుంది, తర్వాత చివర్లో స్క్రూలు ఊడొస్తాయి.

రాడ్లు మార్చుకునే వీలుంటే అదే అన్నిటికన్నా మంచి పని. లోపలి ఎత్తు 84 అంగుళాలు ఉంటే పై రాడ్ 80కి, కింది రాడ్ 40కి పెట్టండి. పైనున్న అర తీసేయాల్సి రావచ్చు, ఫర్వాలేదు. ఎత్తు 72 మాత్రమే ఉంటే పై రాడ్ 70, కింది రాడ్ 32. పైన చొక్కాలు, కింద మడిచిన ప్యాంట్లు. చొక్కా అంచు కింది రాడ్‌ని తాకీ తాకనట్టు ఉంటుంది, చాలు. పై రాడ్‌కీ దాని పైనున్న పలకకీ మధ్య 2 అంగుళాలు వదలండి, లేదంటే హ్యాంగర్ కొక్కెం ఎత్తి బయటికి తీయలేరు. లోతు 24 అంగుళాలైతే రాడ్ వెనక పలక నుంచి 12 అంగుళాల దూరంలో ఉండాలి. పొడవాటి డ్రెస్సులు, కోట్లు ఉన్నవాళ్లు వెడల్పు మొత్తం రెండు రాడ్లకి ఇచ్చేయకండి. ఒక పక్క అడుగున్నర ఒంటి రాడ్‌గానే ఉంచండి.

రెండోది టెన్షన్ రాడ్, రెండు పక్కలా బిగించి నిలబెట్టేది. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి ఇదే దిక్కు. ఇది జారిపడడానికి కారణం ఎక్కువగా కొలతలోనే ఉంటుంది. పూర్తిగా సాగదీస్తే రాడ్ బలం తగ్గిపోతుంది. మీ వెడల్పు ఆ రాడ్ సాగే హద్దుకి దగ్గర్లో ఉంటే దాని పై సైజు కొనండి. నున్నటి లామినేట్ మీద రబ్బరు చివర్లు మెల్లగా దిగుతాయి. బిగించే ముందు దుమ్ము తుడవండి. వారం తర్వాత ఇంకోసారి బిగించండి. జీన్స్ మాత్రం దీని మీద వేయొద్దు.

మూడోది, సన్నటి వెల్వెట్ హ్యాంగర్లు. కళ్లు మూసుకుని కొనొచ్చు. భుజాల దగ్గర లావుగా ఉండే చెక్క హ్యాంగర్, చొక్కాతో కలిపి సుమారు అంగుళంన్నర తింటుంది. ఇది అంగుళంతో సరిపెడుతుంది. 36 అంగుళాల రాడ్ మీద 24 చొక్కాలు పట్టే చోట 36 పడతాయన్నమాట. తడి బట్టలు మాత్రం వీటి మీద వేయకండి, కొన్ని హ్యాంగర్ల రంగు బట్టలకి అంటుతుంది. స్వెట్టర్లు అసలే హ్యాంగర్‌కి వేయొద్దు, భుజాలు సాగిపోతాయి.

నాలుగోది, ఒకే కొక్కేనికి ఐదు చొక్కాలు మెట్లు మెట్లుగా వేలాడే హ్యాంగర్. నా మాట వినండి, ఇది వద్దు. రాడ్ మీద చోటు మిగులుతుంది, నిజమే. కానీ అట్టడుగు చొక్కా ఇంకో అడుగు కిందికి దిగుతుంది. రెండో రాడ్‌కి దాచుకున్న ఖాళీ అక్కడే పోతుంది. పైగా మధ్యలో చొక్కా తీయాలంటే మొత్తం గుత్తి బయటికి లాగాలి.

ఐదోది గుడ్డతో చేసిన వేలాడే అరలు. స్వెట్టర్లకి, టీషర్టులకి బాగుంటాయి. వీటి లోపం ఇదిగో, అడుగున ఉన్న ఈ అట్టముక్క. బరువుకి మధ్యలో కుంగి, బట్టలన్నీ మధ్యలోకి జారతాయి. అట్ట తీసేసి అదే కొలతకి 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క కోయించి పెట్టండి. అంచులు గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే గుడ్డ చిరుగుతుంది. ప్లైవుడ్ బరువు కూడా రాడ్ మీదే పడుతుంది కాబట్టి, అరకి నాలుగైదు స్వెట్టర్లు మించనివ్వకండి.

వాక్యూమ్ బ్యాగుల గురించి రెండు మాటలు. దుప్పట్లకి, బొంతలకి మంచివి. తోలు జాకెట్లు, ఈకలు నింపిన రజాయిలు వీటిలో ఉంచొద్దు. ఏ మాత్రం తడి ఉన్నా లోపల ముక్కిపోయిన వాసన పడుతుంది. గాలి తీశాక సంచి గట్టి ముద్దలా మారి అరలో ఇమడదు. అందుకని ముందే అర కొలతకి మడిచి, చదునుగా పరిచి, అప్పుడు గాలి తీయండి. జిప్ మీద క్లిప్ రెండుసార్లు నడపండి.

ఆరోది, చివరిది, తలుపుకి లోపలివైపు తగిలించే పాకెట్ల రాక్. కొనే ముందు రెండు కొలతలు. తలుపు పైన సందులో రాక్ కొక్కెం దూరుతుందా? హ్యాంగర్ కొసకీ మూసిన తలుపుకీ మధ్య ఎన్ని అంగుళాలు? 24 అంగుళాల లోతులో బట్టలే సుమారు 22 తీసుకుంటాయి. రాడ్ మధ్యలో ఉంటే తలుపు వైపు మిగిలేది అంగుళమే. అందులో బెల్టులు, స్కార్ఫులు పడతాయి. బూట్లు పెట్టారంటే తలుపు మూసుకోదు.