అక్టోబరులో థేమ్స్ మీద ఆవిరి ఓడ

అందరికీ నమస్కారం. దసరా కార్యక్రమంలో ఓ పది నిమిషాలు ఏదైనా మాట్లాడమన్నారు, నేను ఓడ గురించి మాట్లాడతానన్నాను. ఎందుకంటే ఏటా ఈ దసరా రోజుల్లోనే అది మన లండన్‌కి వస్తుంది, రెండు మూడు వారాలుండి వెళ్లిపోతుంది. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటూ దాన్ని ఒక్కసారైనా ఎక్కనివాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారని నాకు తెలుసు.

దాని పేరు వేవర్లీ. రెండు పక్కలా పెద్ద చక్రాలు, అవి నీళ్లని వెనక్కి తోస్తుంటే ముందుకు నడిచే ఆవిరి ఓడ. సముద్రంలో జనాన్ని ఎక్కించుకుని తిరిగే ఇలాంటి ఓడ ప్రపంచం మొత్తంలో ఇదొక్కటే మిగిలింది. గ్లాస్గోలో కట్టి 1946లో నీళ్లలోకి దించారు, మరుసటేడు వేసవి నుంచి నడుస్తోంది. అంతకుముందు ఇదే పేరుతో 1899 నాటి ఓడ ఒకటి ఉండేది, రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, ఫ్రాన్సు తీరంలోని డంకర్క్ నుంచి సైనికుల్ని తీసుకొస్తుంటే బాంబులు పడి మునిగిపోయింది, దాని స్థానంలో కట్టిందే ఇది. 1973 సీజన్ అయ్యాక నడపలేమని ఆపేసి, 1974లో పాత ఆవిరి ఓడల్ని కాపాడుకునే సంఘానికి ఒక్క పౌండుకి ఇచ్చేశారు. ఆ సంఘం వాళ్లు దాన్ని రేవులో కట్టేసి మ్యూజియం చేయలేదు, ఏడాది తిరిగేసరికి మళ్లీ నీళ్ల మీద నడిపించారు. నాకు అన్నింటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

వేసవంతా స్కాట్లాండులో క్లైడ్ నది చుట్టుపక్కల తిరుగుతుంది, తర్వాత ఇంగ్లండ్ దక్షిణ తీరం, చివరికి సెప్టెంబరు ఆఖర్లో థేమ్స్. టవర్ బ్రిడ్జి దగ్గర ఎక్కితే నది వెంట కిందికి సౌత్‌ఎండ్ దాకా, కొన్ని ట్రిప్పుల్లో ఇంకా ముందుకెళ్లి నది సముద్రంలో కలిసేచోట యుద్ధకాలంలో కట్టిన కోటల దాకా తీసుకెళ్తారు. 1943లో నీళ్ల మధ్య కాళ్ల మీద నిలబెట్టిన ఇనప గదులవి, తుప్పు పట్టిపోయి ఇప్పటికీ అలాగే నిలబడి ఉన్నాయి. వెలుతురున్నప్పుడు వెళ్లి చీకటి పడ్డాక లండన్‌కి తిరిగి రావడం అక్టోబరులోనే కుదురుతుంది, జూలైలో అయితే రాత్రి తొమ్మిదైనా పొద్దు గుంకదు. కాకపోతే ఈ రోజుల్లో గాలిని నమ్మలేం. ఓడ ఒక పక్కకి ఒరిగితే ఆ పక్క చక్రం లోతుగా మునుగుతుంది, రెండోది పైకి తేలుతుంది. పైగా రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద ఉన్నాయి కాబట్టి ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిప్పడం కుదరదు. అందుకే గాలి ముదిరితే ట్రిప్పు రద్దు చేస్తారు, దానికి కోపం తెచ్చుకోకండి.

కొన్నేళ్ల కిందట మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. ఆయన బిట్రగుంటలో ఆవిరి రైలింజన్లు బాగుచేసే లోకోషెడ్‌లో ఫిట్టర్‌గా చేశారు. లండన్‌లో ఏం చూపించినా "బాగుంది అబ్బయా" అని ఊరుకునేవారు. ఓడ మధ్యలో ఇంజను చుట్టూ నడిచే దారి ఉంటుంది, అద్దం అడ్డం లేకుండా మూడు పెద్ద కడ్డీలు మన కళ్ల ముందే లేస్తూ పడుతూ చక్రాల ఇరుసుకున్న క్రాంకుని తిప్పుతుంటాయి. వేడి నూనె వాసన గుప్పున కొడుతుంది. నాన్న కమ్మీ పట్టుకుని నిలబడిపోయారు. "ఈ వాసన చూసి ముప్పై ఏళ్లయిందిరా" అన్నారు. తర్వాత నాకు పాఠం చెప్పారు: ఒకే ఆవిరిని మూడుసార్లు వాడతారు, ఒకే కాఫీ పొడి మీద రెండో డికాషన్, మూడో డికాషన్ తీసినట్టు. వాడేకొద్దీ ఆవిరి బలం తగ్గుతుంది కదా, అందుకని ఒక్కో సిలిండరూ ముందుదాని కంటే పెద్దది.

ఇంకో సంగతి. మన కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగం, అంటే బర్మా, వెళ్లి కూలి చేసుకున్నవాళ్ల ఇళ్లు ఈ హాల్లోనూ కొన్ని ఉండే ఉంటాయి. కోరంగి రేవు పేరు మీద బర్మాలో మనవాళ్లని కొరంగీలనేవారు. అక్కడి ఐరావతి నది మీద తిరిగిన చక్రాల ఓడలు చాలావరకు ఈ క్లైడ్ నది ఒడ్డునే, డంబార్టన్‌లో తయారయ్యాయి. 1942లో జపాన్ సైన్యం వస్తోందని వాటిలో ఎక్కువ భాగాన్ని వాటిని నడిపే కంపెనీ వాళ్లే ముంచేశారు. కాబట్టి మన ముత్తాతలు చూసిన ఓడలు ఎలా నడిచేవో తెలుసుకోవాలంటే వేవర్లీ ఎక్కాల్సిందే.

ఇది నిలబడాలంటే టికెట్లు అమ్ముడవ్వాలి. లాభం కోసం నడిపే ఓడ కాదిది, సీజన్‌లో వచ్చినదానితో, చందాలతో చలికాలం మరమ్మతులు చేసుకోవాలి. 2019లో బాయిలర్లు పాడై సీజన్ మొత్తం పోయింది, 23 లక్షల పౌండ్లు పోగుచేసి కొత్తవి వేయించాక 2020లో మళ్లీ కదిలింది. ఒకప్పుడు దీనికి తోడుగా నడిచిన ఓడ బాల్మోరల్, 1949 నాటిది, 2017 తర్వాత ప్రయాణికులతో కదలనే లేదు. అందుకే వచ్చే ఏడాది చూద్దాంలే అనుకోకండి. స్వెటర్లు వేసుకోండి, పిల్లల్ని ముందు ఇంజను దగ్గరికి తీసుకెళ్లండి.

ఆ రోజు తిరిగి వస్తుంటే నాన్న బిట్రగుంటలో తనతో పనిచేసిన ఆయనకి ఫోన్ చేశారు. అక్కడ రాత్రి పదిన్నర. ఏమీ చెప్పకుండా ఫోన్‌ని ఇంజను వైపు చాపి పట్టుకున్నారు. కాసేపటికి అటునుంచి ఆయన అడిగింది ఒక్కటే, "ఎన్ని సిలిండర్లు?" అని. "మూడు" అన్నారు నాన్న. ఓడకి దారివ్వడానికి టవర్ బ్రిడ్జి పైకి లేచేదాకా ఇద్దరూ ఫోన్ పెట్టలేదు.