బిల్లు ఎన్ని రోజులకు చెల్లిస్తారు?

శ్రోతలకు నమస్కారం. పెద్ద కంపెనీలు ఆదివాసుల చిన్న సంస్థల దగ్గర సరుకులు, సేవలు కొనడం గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ఆస్ట్రేలియాలో ఇది ఒక పద్ధతి ప్రకారం నడుస్తోంది కాబట్టి అక్కడి సంగతే చెబుతాను.

ఏ సంస్థ నిజంగా ఆదివాసులదో తేల్చడానికి అక్కడ 2009 నుంచి సప్లై నేషన్ అనే సంస్థ ఉంది. సగం వాటా ఆదివాసులదైతే పేరు నమోదు చేస్తుంది. 51 శాతం వాటాతో పాటు నిర్వహణ, అధికారం కూడా వాళ్ల చేతిలోనే ఉంటే ధ్రువపత్రం ఇస్తుంది. ఇంత పట్టింపు ఎందుకంటే, బినామీల బెడద. పేరు ఒకరిది, లాభం ఇంకొకరిది. ఇది మనకు తెలియని విద్యేమీ కాదు.

2019లో అక్కడి పెద్ద కంపెనీల సంఘమైన బిజినెస్ కౌన్సిల్ తన సభ్య కంపెనీల ముందు ఒక లక్ష్యం పెట్టింది: కొనుగోళ్లలో 3 శాతం ఆదివాసుల సంస్థల నుంచి జరపాలని. మంచిదే. కానీ శాతం కన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: బిల్లు ఎన్ని రోజులకు చెల్లిస్తారు?

లెక్క కోసం ఒక సంస్థను ఊహించుకుందాం. పశ్చిమ ఆస్ట్రేలియా పిల్బరాలో ఇనుప గనులున్నాయి. అక్కడ కార్మికుల క్యాంపు శుభ్రం చేసే కాంట్రాక్టు ఒక చిన్న ఆదివాసీ సంస్థకు దక్కింది. నెలకు బిల్లు 60,000 డాలర్లు. జీతాలు, సబ్బులు, ఫినాయిల్, డీజిల్ కలిపి ఖర్చు 52,000. మిగులు 8,000. కాగితం మీద బాగుంది కదా? పని జులై 1న మొదలైంది, బిల్లు జులై 31న వెళ్లింది. గడువు 60 రోజులంటే డబ్బు వచ్చేది సెప్టెంబరు ఆఖరున. ఈలోపు జీతాలు ఆగవు, రెండు వారాలకోసారి ఇచ్చి తీరాలి. మొదటి 60,000 చేతికి అందేలోగా మూడు నెలల ఖర్చు, దాదాపు 1,56,000 జేబులోంచి పోతుంది. అదే గడువు 14 రోజులైతే? నెలన్నర ఖర్చు, 78,000 చాలు. అంటే సగం. పనీ అదే, ధరా అదే, మారింది గడువొక్కటే.

ఆ 1,56,000 లేకే చిన్న సంస్థలు మునుగుతాయి. పని రాక కాదు, పని వచ్చి మునుగుతాయి.

ఇంకో చిక్కు. బిల్లు మీద పర్చేజ్ ఆర్డర్ నంబరు, అంటే కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చే కొనుగోలు ఆర్డరు నంబరు, లేకపోతే తిప్పి పంపుతారు, సరైన బిల్లు అందిన రోజు నుంచి లెక్క మళ్లీ మొదలు. అందుకని నంబరు చేతికి రాకుండా పనిలో దిగకూడదు. ఇక గని కంపెనీ 14 రోజులకే చెల్లించినా, మధ్యలో ప్రధాన కాంట్రాక్టరు ఉంటే ఆయన 60 రోజులు ఆపవచ్చు. గని కంపెనీ లక్ష్యం లెక్కలో మాత్రం ఆ ఆదివాసీ సంస్థ పేరు దర్జాగా కనిపిస్తుంది! నన్నడిగితే, కింది సంస్థకూ అదే గడువు వర్తించాలని ప్రధాన కాంట్రాక్టులోనే రాయించని కంపెనీ సగం పనే చేసినట్టు.

మన దగ్గరికి వద్దాం. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి జరపాలి. ఆ 25 శాతంలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానుల సంస్థల నుంచి కొనాలి. సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లించే గడువు సంగతి 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలోనే ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. కొనేది ప్రైవేటు కంపెనీ అయినా ఇది వర్తిస్తుంది.

పాడేరులోనో ఉట్నూరులోనో సరుకు తయారుచేసి అమ్మే సంస్థ ఉంటే రెండు పనులు చేయండి. సరుకు పంపకముందే ఉద్యం నమోదు, అంటే చిన్న సంస్థగా కేంద్ర ప్రభుత్వం దగ్గర పేరు నమోదు, పూర్తి చేసుకోండి, తర్వాత చేసుకుంటే పాత బిల్లులకు ఈ రక్షణ దొరకడం కష్టం. రెండోది, సరుకు దించిన రోజే డెలివరీ చలానా మీద తేదీ వేయించి సంతకం, ముద్ర తీసుకోండి. 15 రోజుల్లోగా కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, గడువు లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.