యురేనియానికి కాళ్లు కట్టేసే బ్యాక్టీరియా

శ్రోతలందరికీ నమస్కారం. "రేడియోధార్మిక వ్యర్థాలను తినేసే బ్యాక్టీరియా" అని అప్పుడప్పుడూ వార్తలు వస్తుంటాయి, మీరూ వినే ఉంటారు. అది నిజం కాదండీ. రేడియోధార్మికత పరమాణు కేంద్రకంలో జరిగే వ్యవహారం, బ్యాక్టీరియాకు అందేది చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ల వరకే. యురేనియం-238 సగానికి తగ్గాలంటే దాదాపు 450 కోట్ల ఏళ్లు పడుతుంది, ఏ సూక్ష్మజీవి వచ్చినా ఆ లెక్క మారదు.

కానీ మట్టిలో ఉన్న యురేనియంతో మనకు అసలు భయం అది నీళ్లలో కరిగి బావుల దాకా, నదుల దాకా వచ్చేస్తుందని. సూక్ష్మజీవులు అడ్డుపడేది సరిగ్గా అక్కడే. మనం తిన్న తిండి నుంచి శక్తి రావాలంటే ఎలక్ట్రాన్లను చివరికి ఆక్సిజన్‌కు అప్పగించాలి, ఊపిరి పీల్చేది అందుకే. గాలి తగలని బురదలో బతికే జియోబాక్టర్ అనే బ్యాక్టీరియా మాత్రం వాటిని తుప్పులాంటి ఇనుముకు అప్పగిస్తుంది, పక్కన కరిగిన యురేనియం దొరికితే దానికీ ఇచ్చేస్తుంది. అలా ఎలక్ట్రాన్లు అందుకున్న యురేనియం ఇక నీళ్లలో సరిగా కరగదు, కంటికి కనిపించనంత సన్నటి రేణువులై మట్టిని పట్టుకుని ఉండిపోతుంది.

అమెరికాలోని కొలరాడోలో రైఫిల్ అనే చోట, పాత యురేనియం మిల్లు స్థలంలో 2002లో దీన్ని పరీక్షించారు. బయటి నుంచి బ్యాక్టీరియాను తేలేదు, అక్కడున్న వాటికే తిండి పెట్టారు: వెనిగర్‌లోని ఆమ్లం నుంచి వచ్చే అసిటేట్‌ను భూగర్భ జలంలోకి పంపారు. 50 రోజుల్లోపే కొన్ని బావుల్లో యురేనియం అనుమతించిన స్థాయి కంటే కిందికి దిగింది! తర్వాత ఎలక్ట్రాన్లను సల్ఫేట్‌కు, అంటే నీళ్లలో కరిగి ఉండే ఒక గంధకపు పదార్థానికి, అప్పగించి బతికే వేరే బ్యాక్టీరియా పెరిగి ఆ తిండిని లాగేసుకోవడంతో యురేనియం మళ్లీ పైకి వచ్చింది. ఈ రెండో సగాన్ని చాలామంది చెప్పరు, నాకైతే అదే ముఖ్యమనిపిస్తుంది. ఆక్సిజన్ తిరిగి చేరినా అంతే, మట్టిలో నిలిచిన యురేనియం మళ్లీ కరుగుతుంది.

వ్యర్థాలను భూమి లోతుల్లో పాతిపెట్టేటప్పుడు ఈ సల్ఫేట్ బ్యాక్టీరియాతోనే ఇంకో టెన్షన్ ఉంది. అవి వదిలే సల్ఫైడ్ రాగిని తినేస్తుంది. ఫిన్లాండ్, స్వీడన్ దేశాలు వాడేసిన అణు ఇంధనాన్ని పెట్టేది రాగి డబ్బాల్లోనే మరి. అందుకే డబ్బా చుట్టూ బెంటొనైట్ అనే బంకమట్టిని దట్టంగా కుదించి పెడతారు, నీళ్లు తగిలి అది ఉబ్బినప్పుడు బ్యాక్టీరియా పెరగడానికి చోటు మిగలకుండా.