వెన్న ఓడెక్కింది, మజ్జిగ మిగిలింది

సభకు నమస్కారం.

ఐర్లండ్‌లోని ఈ కార్క్‌ ఊళ్లో ఉంటున్న తెలుగువారికి కార్క్ గురించి చెప్పమంటే కొంచెం జంకుగానే ఉంది. మీలో చాలామంది ఈ ఊళ్లో నాకన్నా ఎక్కువ వానలు చూశారు. అందుకని ఊరి చరిత్ర అంతా చెప్పను. వెన్న గురించి చెబుతాను.

ముందు నేల సంగతి. ఐరిష్ భాషలో ఈ ఊరి పేరుకు అర్థం చిత్తడి నేల. లీ నది పాయల నడుమ లంకల మీద లేచిన ఊరిది. గోదావరి జిల్లాల వారికి లంక అంటే ఏమిటో వేరే చెప్పాలా? సెయింట్ పాట్రిక్స్ స్ట్రీట్ ఎందుకు వంపు తిరిగి ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? అది ఒకప్పటి నది పాయ. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో దాన్ని కప్పేశారు. సౌత్ మాల్‌లో కొన్ని పాత ఇళ్లకు వీధి గుమ్మం మెట్లెక్కితే గాని అందదు. ఆ మెట్ల కింద పడవలు పెట్టుకునేవారు.

ఇక వెన్న. 1770 ప్రాంతంలో ఇక్కడి వర్తకులు ఒక సంఘంగా ఏర్పడి, షాండన్ గుట్ట మీద వెన్న సంతకు కట్టుబాట్లు పెట్టారు. పంతొమ్మిదో శతాబ్దానికి అది ప్రపంచంలోనే అతి పెద్ద వెన్న సంత అయింది. పక్క జిల్లా కెర్రీ కొండల నుంచి రైతులు గుర్రపు బండ్ల మీద పీపాలు తెచ్చేవారు. వాళ్లు వచ్చిన బాటలను నేటికీ వెన్న బాటలనే అంటారు. తనిఖీదారు పొడవాటి బరమా లాంటి పనిముట్టును పీపా అడుగుదాకా దింపి, తిప్పి పైకి లాగేవాడు. పైన తాజా వెన్న పెట్టి అడుగున పాత వెన్న కుక్కే యుక్తి అక్కడ సాగదు. వాసన చూసి, రుచి చూసి, తరగతి తేల్చి పీపాకు ముద్ర వేసేవారు. పీపాలను తూచిన ఫర్కిన్ క్రేన్ అనే గుండ్రటి భవనంలో ఇప్పుడు నాట్యం నేర్పుతున్నారు.

వేడి దేశాలకు వెళ్లే వెన్నకు ఉప్పు బాగా దట్టించేవారు. మనమైతే కాచి నెయ్యి చేసేవాళ్లం, అది వేరే మాట. ఆ వెన్న, దానితో పాటు ఉప్పు పట్టించిన గొడ్డు మాంసం వెస్టిండీస్ దాకా వెళ్లాయి. అక్కడి చెరకు తోటలు బానిసల చెమటతో నడిచేవి. ఈ ఊరి పాత మేడలను మెచ్చుకునేటప్పుడు ఆ సంగతి మరిచిపోవడం నాకు చేతకాదు.

మంచి మాంసం ఓడెక్కితే ఊరికి మిగిలినవి పేగులు, పొట్ట, రక్తం. 1788 నుంచి ఉన్న ఇంగ్లిష్ మార్కెట్‌లో ఈనాటికీ ట్రైప్, డ్రిషీన్ అమ్ముతారు. ఒకటి మన బోటికి అన్న, రెండోది మన నల్లకు తమ్ముడు. కార్క్ వంటకాలు ఏవని అడిగితే ఇక్కడి పెద్దలు ఈ రెండింటినీ గర్వంగా చెబుతారు. ఎగుమతికి పనికిరానిదే ఊరి రుచి అయింది.

వెన్న తీసిన రైతు ఇంట్లో ఏం తినేవాడు? బంగాళాదుంప, మజ్జిగ. వెన్న అమ్మిన డబ్బు కౌలు కింద భూస్వామికి పోయేది. 1845లో దుంపకు తెగులు సోకింది. తర్వాతి కొన్నేళ్లలో ఐర్లండ్‌లో సుమారు పది లక్షల మంది ఆకలితో, జ్వరాలతో చనిపోయారు. ఆ ఏళ్లలో కూడా వెన్న పీపాలు రేవు దాటాయి. దుంప పోయింది గాని కౌలు పోలేదు కదా.

ఆ తర్వాత మనుషులే ఓడెక్కారు. మనం ఆదివారాలు పిల్లలతో షికారు వెళ్లే కోవ్ రేవు నుంచి 1848, 1950 మధ్య దాదాపు 25 లక్షల మంది దేశం విడిచారని లెక్క. 1892 జనవరి 1న న్యూయార్క్ ఎల్లిస్ ద్వీపంలో మొదటగా నమోదైన వలసదారు యానీ మూర్ ఈ రేవు నుంచి వెళ్లిన అమ్మాయే. ఇద్దరు తమ్ముళ్లతో ఆమె విగ్రహం కోవ్‌లోనే ఉంది. టైటానిక్ చివరిగా ఆగిందీ ఇక్కడే, 1912 ఏప్రిల్ 11న. బిడ్డ అమెరికా ప్రయాణమైతే ముందు రాత్రి ఇంట్లో జాగారం చేసేవారు. పాటలు, నాట్యం, తెల్లవారితే ఏడుపు. చనిపోయినవారి దగ్గర చేసే జాగారానికి ఉన్న పేరునే దానికీ పెట్టారు. మళ్లీ చూస్తామన్న ఆశ లేదు మరి. మనం వీడియో కాల్‌లో రోజూ అమ్మానాన్నలను చూస్తాం కాబట్టి ఆ రాత్రి ఎంత బరువైనదో ఊహకు అందదు.

1920కి వద్దాం. బ్రిటిష్ పాలన నుంచి విడిపోవడానికి ఐర్లండ్ పోరాడుతున్న రోజులవి. ఆ మార్చిలో మేయరు తోమాస్ మక్ కర్టెన్‌ను ఆయన ఇంట్లోనే కాల్చి చంపారు. ఆ కుర్చీలోకి వచ్చిన టెరెన్స్ మాక్‌స్వైనీ, ఎక్కువ బాధ పెట్టగలవాళ్లు కాదు, ఎక్కువ బాధ ఓర్చగలవాళ్లే గెలుస్తారని అన్నాడు. ఆగస్టులో అరెస్టు చేస్తే అన్నం ముట్టనన్నాడు. లండన్ బ్రిక్స్‌టన్ జైలులో 74 రోజులు నిరాహారంగా ఉండి అక్టోబరు 25న ప్రాణం విడిచాడు. డిసెంబరులో బ్రిటిష్ బలగాలు ఊరి నడిబొడ్డుకు నిప్పు పెట్టాయి. సిటీ హాలు, కార్నెగీ గ్రంథాలయం బూడిదయ్యాయి.

తొమ్మిదేళ్ల తర్వాత లాహోర్ జైలులో మన విప్లవకారుడు జతీన్ దాస్ 63 రోజుల దీక్షతో మరణించినప్పుడు మాక్‌స్వైనీ కుటుంబం నుంచి సంతాపపు తంతి వచ్చింది. మనవాళ్లకు ఆ 58 రోజుల లెక్క గుర్తుకు రాక మానదు. పొట్టి శ్రీరాములు పేరు నేను చెప్పకముందే మీ మనసులో మెదిలే ఉంటుంది.

వెన్న సంత 1924లో మూతపడింది. డెన్మార్క్ వాళ్లు ఉప్పు తక్కువ వేసి, ఏ పెట్టె తెరిచినా ఒకే రుచి ఉండేలా చేశారు. మార్గరిన్ చౌకగా దొరికింది. మన ముద్రల పద్ధతి ముసలిదైపోయింది.

చూశారా, మన ముద్రలు అనేశాను.

రేపు ఉదయం షాండన్ గుట్ట మీద వెన్న మ్యూజియం దగ్గర కలుద్దాం, పది గంటలకు. పక్కనే సెయింట్ ఆన్స్ చర్చి గోపురం, దాని మీద చేప. గడియారం నాలుగు వైపులా ఉంటుంది గాని ఒక్కో వైపు ఒక్కో సమయం చూపిస్తుంది. ఊరివాళ్లు దానికి నాలుగు ముఖాల అబద్ధాలకోరు అని పేరు పెట్టుకున్నారు. ఆలస్యంగా వచ్చినవారు దాన్ని సాక్ష్యానికి పిలిస్తే ఒప్పుకోను.